గ్రాంటు వెతికే సాఫ్ట్‌వేరు కొనేముందు మన బీరువా తెరిచి చూద్దాం

మిరప కోతలు మొదలయ్యేసరికి కల్లాల దగ్గరకు బేరగాళ్లు వచ్చినట్టే, మన రైతు ఉత్పత్తిదారుల సంఘాల ఆఫీసులకు ఈమధ్య కొత్తరకం బేరగాళ్లు వస్తున్నారు. "దేశంలో, విదేశాల్లో ఉన్న గ్రాంట్లన్నీ మా సాఫ్ట్‌వేరులో ఉన్నాయి. మీ సంఘం పేరు, జిల్లా, చేసే పని కొడితే మీకు సరిపడేవి ఏరి చూపిస్తుంది. ఏడాది చందా కడితే చాలు" అంటున్నారు. వాట్సాప్‌లోనూ ఇలాంటి ప్రకటనలే. ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను, వట్టిచెరుకూరు మండలాల సంఘాల బాధ్యులు కొందరు "కట్టమంటారా, మానమంటారా" అని మనల్ని అడుగుతున్నారు. అడిగినవాళ్లకు విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పడం మేలని ఈ సంపాదకీయం రాస్తున్నాం.

ముందే మన అభిప్రాయం చెబుతాం. ఇలాంటి సాఫ్ట్‌వేరు మోసమని మనం అనడం లేదు. పెద్ద స్వచ్ఛంద సంస్థలకు, పది రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లకు అది పనికొస్తుంది. కానీ మన పల్లెల్లోని చిన్న సంఘాలకు గ్రాంటు కనపడక ఆగిపోయిన సందర్భాలు తక్కువ. కనపడ్డాక అందుకోవడానికి కాగితాలు లేక ఆగిపోయినవే ఎక్కువ. కాబట్టి డబ్బు ముందు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

ఎవరి డబ్బు ఖర్చు పెడుతున్నాం

మన సంఘంలో 300 మంది సభ్యులున్నారనీ, ఒక్కొక్కరూ వెయ్యి రూపాయల వాటా కట్టారనీ అనుకుందాం. మొత్తం 3 లక్షలు. సాఫ్ట్‌వేరు చందా నెలకు 3 వేలంటే ఏడాదికి 36 వేలు. దానిమీద 18 శాతం జీఎస్‌టీ 6,480. వెరసి 42,480 రూపాయలు. అంటే 42 మంది సభ్యుల వాటా ధనం ఒక ఏడాదిలో ఖర్చయిపోతుంది. ఆ 42 మందిలో అరెకరం కౌలుకు పత్తి వేసినవాళ్లుంటారు, కూలికి పోయి వాటా కట్టిన ఆడవాళ్లుంటారు. రేపు సర్వసభ్య సమావేశంలో వాళ్లు లేచి "మా డబ్బు పెట్టి ఏం తెచ్చారు" అని అడిగితే బాధ్యుల దగ్గర జవాబు ఉండాలి.

ఇప్పుడు రెండో లెక్క. ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన సంఘం ఏటా రెండు ముఖ్యమైన పత్రాలు కంపెనీల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. ఒకటి జమాఖర్చుల పత్రం, రెండోది వార్షిక నివేదిక. గడువు దాటితే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము. రెండూ ఏడాదిపాటు ఆగితే 73 వేలు. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులవుతారు. అలాంటి సంఘానికి ఏ సాఫ్ట్‌వేరు ఎన్ని గ్రాంట్లు చూపించినా ఒక్కటీ చేతికి రాదు. పక్క మండలంలో ఒక సంఘం ఒక మధ్యవర్తికి డబ్బు కట్టి దరఖాస్తు పెట్టించింది. రెండేళ్ల ఆడిట్ కాగితాలు లేవని దరఖాస్తు తిరిగి వచ్చింది. మధ్యవర్తికి కట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు.

అందుకే మన మొదటి సలహా ఇది. చేతిలో డబ్బుంటే ముందు ఆడిటరుకు కట్టండి. పాత బకాయి పత్రాలన్నీ దాఖలు చేయించండి. ఆ తర్వాతే గ్రాంటు మాట.

సాఫ్ట్‌వేరు చేసే పని ఎంత

ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా చేసేవి మూడు పనులు. గ్రాంట్ల జాబితా ఒకచోట పెడుతుంది. అందులోంచి మనకు సంబంధించినవి వడపోస్తుంది. గడువు దగ్గరపడితే గుర్తుచేస్తుంది. కొన్ని ఈమధ్య దరఖాస్తు కూడా రాసిపెడుతున్నాయి. అయితే మన ఊళ్లో ఎంతమంది కౌలు రైతులున్నారో, గత ఏడాది ఎన్ని టిక్కీల మిర్చి కలిపి అమ్మామో దానికి తెలియదు. మనం చెప్పకపోతే నోటికొచ్చిన అంకె వేస్తుంది. తనిఖీకి వచ్చిన అధికారి ముందు ఆ అంకెకు జవాబు చెప్పాల్సింది అధ్యక్షుడూ కార్యదర్శీ.

విదేశాల్లో తయారైన సాఫ్ట్‌వేరుల సంగతి వేరు. ఇన్‌స్ట్రుమెంటల్, గ్రాంట్‌స్టేషన్, క్యాండిడ్ లాంటివి ప్రధానంగా అమెరికా సంస్థల కోసం తయారైనవి. వాటి చందా డాలర్లలో ఉంటుంది. వాటిలో కనిపించే దాతల్లో ఎక్కువమంది ఆ దేశపు ఫౌండేషన్లు. వాళ్లు ఇస్తామన్నా మనం తీసుకోగలమా? విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ ఒక్క డాలరు తీసుకున్నా నేరమే. ఆ నమోదుకు సంస్థకు మూడేళ్ల వయసు ఉండాలి, ఆ మూడేళ్లలో తన ఆశయాల కోసం కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. వచ్చిన సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక పెద్ద సంస్థ విదేశీ నిధి తెచ్చి చిన్న సంఘానికి మళ్లించే దారి కూడా మూసుకుపోయింది. కాబట్టి "విదేశీ గ్రాంట్లు పదివేలు" అని ఎవరైనా చూపిస్తే, ఆ పదివేలలో మన సంఘానికి అక్కరకొచ్చేవి ఎన్నో ముందు అడగాలి.

సంఘం ఏ చట్టం కింద నమోదైందో చూడండి

మన ప్రాంతంలో మూడు నాలుగు రకాల సంఘాలున్నాయి. కొన్ని ఉత్పత్తిదారుల కంపెనీలు. కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. కొన్ని సొసైటీలు, ట్రస్టులు. ఏ చట్టం కింద పుట్టామన్నదాన్ని బట్టే ఏ గ్రాంటుకు అర్హులమో తేలుతుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులే తీసుకోండి. మనవాళ్లు సీఎస్ఆర్ అంటారు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చుపెట్టాలి. ఆ సొమ్ము బయటి సంస్థ ద్వారా ఖర్చుపెట్టాలంటే ఆ సంస్థ 8వ సెక్షను కంపెనీగానో, రిజిస్టరైన ట్రస్టుగానో, సొసైటీగానో ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు ఉండాలి. అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 అనే పత్రం దాఖలు చేసి నంబరు కూడా తీసుకోవాలి. ఉత్పత్తిదారుల కంపెనీ ఈ జాబితాలో లేదు. అంటే మన ఎఫ్‌పీఓ నేరుగా ఆ నిధులు తీసుకుని పని చేయించే సంస్థ కాలేదు. అర్హత ఉన్న సంస్థ మన ఊళ్లో చేసే కార్యక్రమంలో మన రైతులు లబ్ధి పొందవచ్చు, అంతే. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని దరఖాస్తులు వృథా అవుతున్నాయో, ఎన్ని సాఫ్ట్‌వేరులు ఈ గ్రాంట్లనే ఎఫ్‌పీఓలకు "సరిపడేవి" అని చూపిస్తాయో ఆలోచించండి.

గ్రాంటు అన్నదంతా గ్రాంటు కాదు

బేరగాళ్ల నోట అన్నీ గ్రాంట్లే. మనం మాత్రం విడదీసి చూడాలి.

2020 ఫిబ్రవరిలో మొదలైన 10 వేల ఎఫ్‌పీఓల పథకంలో నిజమైన గ్రాంటు ఉంది. ఆ పథకం కింద ఏర్పడిన సంఘానికి నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల వరకు సాయం ఉంటుంది. దాంతోపాటు సభ్యుల వాటా ధనానికి సమానంగా, సభ్యుడికి 2 వేలకు మించకుండా, సంఘానికి మొత్తం 15 లక్షలకు మించకుండా ఈక్విటీ గ్రాంటు ఉంటుంది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. లెక్క చూడండి. 300 మంది వెయ్యి చొప్పున కడితే వచ్చేది 3 లక్షలు. 750 మంది 2 వేల చొప్పున కడితే 15 లక్షలు. ఇక్కడ గ్రాంటు పెంచేది కొత్త సభ్యుడు. ఒక కార్యకర్త నెలరోజులు ఊళ్లు తిరిగి 100 మందిని చేర్చి, వెయ్యి చొప్పున వాటా కట్టిస్తే లక్ష సొంత మూలధనం, దానికి జోడు లక్ష గ్రాంటుకు అర్హత. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత తేదు.

వ్యవసాయ మౌలిక వసతుల నిధి అలాంటిది కాదు. అందులో 2 కోట్ల వరకు రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా ఏడేళ్లు. గోడౌనుకో, ఏసీకో, గ్రేడింగ్ షెడ్డుకో బ్యాంకు అప్పు తీసుకుని తీర్చాల్సిందే. ఆహార శుద్ధి సూక్ష్మ పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది. అది కూడా బ్యాంకు రుణంతో ముడిపడిందే. ఒక జిల్లా ఒక ఉత్పత్తి కింద గుంటూరుకు మిర్చి ఉంది కాబట్టి కారం మిల్లు పెట్టాలనుకునేవాళ్లకు ఇది చూడదగ్గ పథకం. అయితే మార్కెట్ లేకుండా సబ్సిడీ చూసి మిల్లు పెడితే మిగిలేది అప్పు. ఏ పథకానికైనా ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులోనో, జిల్లా ఆఫీసులోనో అడిగి తెలుసుకున్నాకే ముందుకు కదలాలి.

ఉచితంగా దొరికేవి ముందు వాడుకుందాం

చందా లేకుండా దొరికే సమాచారం తక్కువేం కాదు. ప్రభుత్వ పథకాలు వెతకడానికి కేంద్రం 2022లో తెచ్చిన మై స్కీమ్ పోర్టల్ ఉంది. సొసైటీలు, ట్రస్టులు నీతి ఆయోగ్ వారి ఎన్‌జీఓ దర్పణ్‌లో ఉచితంగా నమోదై గుర్తింపు సంఖ్య తీసుకోవచ్చు. కేంద్ర శాఖల గ్రాంట్లకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ సంఖ్య అడుగుతారు. కంపెనీ వ్యవహారాల శాఖ నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఏ కంపెనీ, ఏ రాష్ట్రంలో, ఏ రంగంమీద ఎంత ఖర్చుపెట్టిందో ఉంటుంది. డబ్బు తీసుకుని చాలామంది ఇచ్చే "దాతల జాబితా"కు మూలం ఇలాంటి బహిరంగ వివరాలే.

మనుషుల ద్వారా తెలిసేది ఇంకా విలువైనది. నాబార్డు జిల్లా అభివృద్ధి మేనేజరు, జిల్లా వ్యవసాయ, ఉద్యాన శాఖల ఆఫీసులు, లాం వ్యవసాయ పరిశోధన స్థానం, యడ్లపాడు దగ్గరి వంకాయలపాడు స్పైసెస్ పార్కు, ఊళ్లోని రైతు సేవా కేంద్రం. యంత్రాల సబ్సిడీ వచ్చిందనో, మిర్చి ఆరబెట్టే పట్టాలు ఇస్తున్నారనో, శిక్షణకు పేర్లు తీసుకుంటున్నారనో కబురు ముందుగా పుట్టేది ఇక్కడే. పది రోజుల గడువుతో వచ్చే ఇలాంటి జిల్లా ప్రకటనలు బెంగళూరులోనో అమెరికాలోనో కూర్చుని చేసే జాబితాల్లోకి ఎక్కేసరికి గడువు అయిపోతుంది. నెలకు ఒక రోజు ఒక బాధ్యుడు గుంటూరు వెళ్లి ఈ ఆఫీసులు తిరిగితే అయ్యేది బస్సు చార్జీ, భోజనం ఖర్చు.

తెలుసుకున్నది రాసుకోవడానికి ఒక పెద్ద రూళ్ల పుస్తకం చాలు. కంప్యూటరుంటే ఎక్సెల్ పట్టిక. పథకం పేరు, ఇచ్చేదెవరు, మనం అర్హులమా, గ్రాంటా సబ్సిడీనా అప్పా, మన వాటా ఎంత, కావలసిన కాగితాలు, చివరి తేదీ, ఎవరి బాధ్యత, ఏమైంది. ఈ తొమ్మిది గళ్లు గీసుకుని నెలనెలా బోర్డు సమావేశంలో చదవాలి. పక్కనే ఒక ఫైలులో నమోదు పత్రం, పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, సభ్యుల జాబితా, బోర్డు తీర్మానాలు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు, రెండు పేజీల్లో సంఘం పరిచయం సిద్ధంగా ఉంచాలి. ఈ ఫైలు ఉన్న సంఘం ఏ దరఖాస్తైనా రెండు రోజుల్లో పెట్టగలదు.

అయినా కొనాలనుకుంటే

ఆరు నెలలు ఇలా నడిపాక కూడా చాలడం లేదనిపిస్తే, అప్పుడు సాఫ్ట్‌వేరు చూడవచ్చు. డబ్బు కట్టేముందు అడగాల్సినవి ఇవి.

1. కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడనిస్తారా? ఇస్తే, గత ఆరు నెలల్లో మన పుస్తకంలోకి ఎక్కిన పథకాలు అందులో ఎన్ని ఉన్నాయో సరిచూడండి. సగం కూడా లేకపోతే ఆ బేరం వదిలేయండి.

2. మన రకం నమోదు ఉన్న సంఘానికి, ఆంధ్రప్రదేశ్‌లో, విదేశీ నిధుల అనుమతి లేకుండా వడపోస్తే ఎన్ని మిగులుతాయి? ప్రకటనలోని పెద్ద అంకె మనకు అక్కర్లేదు. వడపోశాక మిగిలేదే మనం కొనే సరుకు.

3. జీఎస్‌టీతో కలిపి మొత్తం ఎంత? ఏడాది కాగానే అడక్కుండా ఖాతాలోంచి డబ్బు లాగుతారా? మధ్యలో మానేస్తే మిగతా సొమ్ము తిరిగి ఇస్తారా? ఇవన్నీ రాతలో తీసుకోండి.

4. తెలుగులో ఉందా? లేదా కనీసం మన ఆఫీసు గుమాస్తా ఫోనులో చదివి అర్థం చేసుకోగలిగేట్టు ఉందా?

5. మనం అందులో పెట్టిన వివరాలు మానేసేటప్పుడు పట్టికగా తీసుకోవచ్చా?

6. సభ్యుల ఆధార్, పాసుపుస్తకం, ఫోను నంబర్లు అడుగుతున్నారా? గ్రాంట్లు వెతకడానికి ఇవేవీ అవసరం లేదు. ఎంతమంది సభ్యులు, ఎన్ని ఎకరాలు, ఏ పంట అని చెబితే చాలు. సభ్యుల జాబితా ఎవరి చేతికైనా ఇస్తే రేపు పురుగుమందుల వ్యాపారి ఫోను, ఎల్లుండి అప్పులిచ్చే యాప్ ఫోను.

పర్సెంటేజీ బేరం వద్దు

చందా అడిగేవాళ్లకంటే ప్రమాదకరమైనవాళ్లు "ముందు ఏమీ కట్టొద్దు, గ్రాంటు వచ్చాక పది శాతం ఇవ్వండి" అనేవాళ్లు. వినడానికి బాగుంటుంది. కానీ గ్రాంటు సొమ్ము ఏ పనికి ఇచ్చారో ఆ పనికే ఖర్చుపెట్టాలి, వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అందులోంచి కమీషన్ ఇస్తే లెక్కలో ఎక్కడ చూపిస్తాం? దొంగ బిల్లు పెట్టాలి. దొంగ బిల్లుమీద సంతకం చేసేది మధ్యవర్తి కాదు, మన అధ్యక్షుడు. సాయం చేసే మనిషి కావాలనుకుంటే చేసే పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని, బోర్డులో తీర్మానించి, రసీదు తీసుకుని ఇవ్వండి. ఖాళీ లెటర్‌హెడ్‌మీద సంతకాలు, సంఘం ముద్ర, డైరెక్టర్ల డిజిటల్ సంతకం, బ్యాంకు ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. యార్డులో మన సరుకు మన కళ్లముందే కాటా వేయించుకుంటాం కదా, సంతకం విషయంలోనూ అంతే జాగ్రత్త.

కలిసి చేసుకుందాం

"మా సంఘంలో చదువుకున్న కుర్రాడు లేడు, ఉన్నవాడు హైదరాబాదు వెళ్లిపోయాడు, ఇవన్నీ చూసేదెవరు" అని కొందరు బాధ్యులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. పత్తి తీతల్లో, మిరప కోతల్లో బోర్డు సమావేశానికి కోరం కూడా చేరదు. దానికి దారి ఒకటే. ఐదారు సంఘాలు కలిసి ఒకే మనిషిని పెట్టుకోవాలి. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న ఆడపిల్లకు వారంలో రెండు రోజుల పని, తలా కొంత వేసుకుని జీతం. ఐదు సంఘాల పుస్తకాలూ ఫైళ్లూ ఆమె చూస్తుంది. సాఫ్ట్‌వేరే కొనాలనుకున్నా, నిబంధనలు ఒప్పుకుంటే, ఐదుగురూ కలిసి ఒక చందా కట్టవచ్చు. ఒక్క సంఘానికి 42 మంది వాటా ధనం అయ్యేది, అప్పుడు ఎనిమిది తొమ్మిది మంది వాటాతో పోతుంది.

ఇక రైతు సంఘం మాట. మన సంఘం సభ్యత్వ రుసుముతో నడుస్తోంది, అలాగే నడవాలి. రైతు సంఘానికి గ్రాంటు వెతకొద్దు. ధర కోసం, నీటి కోసం, కౌలు రైతు గుర్తింపు కోసం ప్రభుత్వాన్నీ కంపెనీలనూ నిలదీసే సంఘం వాళ్ల సొమ్ము తింటూ నిలదీయలేదు. గ్రాంట్లు ఉత్పత్తిదారుల సంఘాల పని, పోరాటం మన పని. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

ప్రభుత్వాన్ని మనం అడిగేది సూటిగా ఉంది. వ్యవసాయ, ఉద్యాన, మార్కెటింగ్ శాఖల పథకాలన్నిటికీ తెలుగులో ఒకే నెలవారీ పట్టిక ఇవ్వాలి. అర్హత, కాగితాలు, చివరి తేదీలతో ప్రతి రైతు సేవా కేంద్రం గోడమీద అంటించాలి. ప్రకటనకూ చివరి తేదీకీ మధ్య కనీసం 30 రోజులుండాలి. తిరస్కరించిన దరఖాస్తుకు కారణం రాతలో ఇవ్వాలి. ఈ నాలుగూ జరిగితే మన జిల్లాలో ఏ చిన్న సంఘమూ సమాచారం కోసం చందా కట్టనక్కర్లేదు.

ఒక మాట మరువొద్దు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.58 లక్షల టన్నులకు పరిమితి పెట్టింది. ఆ మాత్రమైనా రైతులు యార్డులో గొంతెత్తితేనే కదిలింది. గ్రాంటు షెడ్డు కట్టిస్తుంది, కాటా కొనిపెడుతుంది. పంటకు ధర ఇవ్వదు. ధర కోసం పోరాటం ఏ సాఫ్ట్‌వేరులోనూ దొరకదు.

వచ్చే నెల బోర్డు సమావేశంలో ప్రతి సంఘం మూడు పనులు ఎజెండాలో పెట్టుకోవాలని కోరుతున్నాం. బీరువా తెరిచి ఏ కాగితాలున్నాయో ఏవి లేవో రాసుకోండి. ఆడిటరును పిలిచి బకాయి దాఖలాల లెక్క తీయించండి. తొమ్మిది గళ్ల పుస్తకం మొదలుపెట్టి దాని బాధ్యత ఒకరి పేరున రాయండి. ఈ మూడూ అయ్యాక బేరగాడు వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పైన రాసిన ఆరు ప్రశ్నలు అడగండి.